మీ అన్న చేతిసైగ

ఫ్రెడ్డీకి వదిన కెజియా దీవెనలు. మీ అన్న పక్కనే ఉంటాడు, ఫోన్లో చెప్పలేక కార్డు రాస్తున్నాను.

నిన్న చెన్నైలో మెదడు స్కానింగు తీశారు. ఆ మిషను మోత అచ్చం మన బోటు ఇంజను మోతే. ఆ మోతలో మాట వినబడదని మీరు సముద్రం మీద చేతులతో మాట్లాడుకుంటారే, లోపల పడుకుని మీ అన్న అదే మొదలుపెట్టాడు. స్కానింగు తీసేది సూళ్లూరుపేట మనిషి. "ఇట్టా చేతులు ఊపతా ఉంటే ఫోటో చెదిరిపోతాది పెద్దాయనా" అని మళ్లీ తీశాడు.

మెదడులో మాటకు సంబంధించిన చోటు కుంచించుకుపోతోందట. పోయిన మాట రాదు, ఉన్నదీ మెల్లగా పోతుందంది డాక్టరమ్మ. తెలివికేమీ కాలేదట, కంగారుపడకు.

మేకకు నీళ్లు పెడుతున్నారా? పాప అబిగయీలుకు దగ్గు తగ్గిందా? మన వాకాడు ఎప్పుడు చేరతామో అనిపిస్తోంది.

పొద్దుటినుంచి మీ అన్న నన్ను చూసి, అరచెయ్యి బోర్లించి రెండుసార్లు గుండెవైపు లాక్కుంటున్నాడు. నేనెప్పుడూ బోటెక్కలేదు. దానికి అర్థమేమిటో వెంటనే రాయి. మిగతా సైగలు మేం వచ్చాక నేర్పుదువుగాని.

ప్రభువు మీ బోటును క్షేమంగా ఒడ్డు చేర్చాలి. ఏమనాలో తెలియక నేనూ మీ అన్నకు అదే సైగ తిరిగి చేస్తున్నాను. చేసినప్పుడల్లా నవ్వుతున్నాడు.