మీ ముఖమున్న నీలం చొక్కా

పాపా గారూ,

మీరు పోయి నిన్నటికి ఏడాది. ఈ జర్మనీలో, మన బ్రెమెన్‌లో ఉన్న నైజీరియా వాళ్లంతా మిమ్మల్ని పాపా అంటే, తెలుగు స్టూడెంట్లం దానికి 'గారు' తగిలించాం. మీ కొట్టుకి మేకమాంసానికొస్తే, "అన్మెల్డుంగ్ అయిందా? రూము దొరికిందా?" అని, టౌనాఫీసులో అడ్రసు నమోదు దగ్గర్నుంచి అన్నీ అడిగాకే తూచేవారు.

మీ ఆవిడ సంవత్సరీకానికి పిలిచారు కదా అని తెల్లచొక్కా వేసుకుని, ఏమీ తినకుండా బయల్దేరాను. ట్రాములో మా వరంగల్ శ్రావణి జాగ్రత్త చెప్పింది. "వచ్చేటప్పుడు పోయొస్త అనకు రా. చావింట్ల అట్ల అనొద్దు."

హాలు తలుపు తీసి చూస్తే, డ్రమ్ములు మోగుతున్నాయి. అందరి ఒంటిమీదా ఒకే నీలం గుడ్డ, దాని నిండా అచ్చేసిన మీ ముఖం. మధ్యలో మీ ఆవిడ డాన్స్ చేస్తున్నారు!

"ఇదేంది రా, పెండ్లికొచ్చినమా?" అంది శ్రావణి.

నాకు ఒళ్లు మండింది. ఏడాదికే మిమ్మల్ని మరిచిపోయారా? వెనక్కి తిరగబోతుంటే మీ ఆవిడ వచ్చి నా తెల్లచొక్కా పట్టుకున్నారు.

"ఇంట్లోవాళ్లు ఇలాగేనా వచ్చేది?"

నా చేతిలో నీలం చొక్కా, శ్రావణి చేతిలో అదే గుడ్డతో కుట్టిన గౌను పెట్టారు. మీ దేశంలో పోయిన పెద్దల్ని ఇలా ఆడిపాడే తలుచుకుంటారట, ఆ గుడ్డ ఇంటివాళ్లకే ఇస్తారట. ఆవిడ కళ్లు కారుతూనే ఉన్నాయి, కాళ్లు మాత్రం ఆగలేదు.

మీ ఫొటో ముందు నిలబడి, ఉద్యోగం దొరికి, ఇక్కడే ఉండటానికి బ్లూ కార్డు వచ్చిందని చెప్పాను. ఇక శ్రావణి చెప్పినట్టే, వెళ్లొస్తానని అనకుండా గుమ్మం దాటాను. వెనక నుంచి గట్టిగా వినబడింది.

"పోయొస్త, పాపా గారూ!"

శ్రావణి.