లెక్క తగ్గిన రోజులు

మార్చి 3

మా అంతరిక్ష నౌక గురుగ్రహం చుట్టూ తిరుగుతోంది. దాని మీదున్న కౌంటర్‌కు సెకనుకు ఎన్ని కణాలు తగులుతున్నాయో ఇక్కడ భూమ్మీద కూర్చుని చూసి షీట్‌లో రాయడం నా పని. అంకె పెరిగితే ప్రమాదం, తగ్గితే శాంతం. ఈరోజు తొమ్మిది వేలు.

మార్చి 5

ఆరు వేలు. "శాంతం" అని రాసి సంతకం పెట్టాను.

నౌక మీది కెమెరా వదినది. ధ్రువం మీద వెలిగే అరోరాను దగ్గరగా తీయాలని తొమ్మిదేళ్లుగా దానితోనే కాపురం చేస్తోందని అన్నయ్య వేళాకోళం. పన్నెండో తేదీ పదకొండు గంటలకు నౌక బాగా కిందికి దిగుతుంది. అప్పుడు కణాలు ఎక్కువుంటే కెమెరా ఆపాలి, లేకపోతే కాలిపోతుంది. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు తన ప్రాణం నా షీట్‌లో ఉందట.

మార్చి 8

రెండు వేలు. గ్రహం కునుకు తీస్తోంది, చప్పుడు చెయ్యకుండా దూరిపోదాం అన్నాడు మా ఆఫీసు పెద్దాయన. కెమెరా ఆన్‌లోనే ఉంచమన్నాడు. సంతకం పెట్టాను.

మార్చి 10

వదిన కొత్త ఫోటోలు చూపించింది. అరోరా రెండింతలు వెలుగుతోంది. ఏంటి మరిదీ, మొహం అలా పెట్టావు, దిష్టి తగులుతుందనా అంది.

కణాలు పడితేనే ఆ వెలుగు. వెలుగు పెరిగింది. నా అంకె నాలుగు వందలకు పడింది. నిప్పు లేకుండా పొగ వస్తోందని నేను సంతకాలు పెడుతున్నాను.

మార్చి 11

పెద్దాయనతో నసిగాను. అంకె అబద్ధం చెప్పదు, నీ కడుపులోనే ఏదో తేడా చేసిందని నవ్వాడు. గట్టిగా చెప్పాల్సింది. వదిన సంబరం చూసి నోరు పెగల్లేదు.

మార్చి 12, ఉదయం 10:10

కౌంటర్‌ను పైకి పంపేముందు చేసిన పాత పరీక్షల కాగితాలు తీశాను. ఒక్కో కణం దెబ్బ లెక్కపెట్టాక కౌంటర్ క్షణం ఆగాలి. ఆలోపు ఇంకోటి తగిలితే మళ్లీ ఆగాలి. దెబ్బలు ఎడతెగకుండా పడితే లెక్కే ఉండదు. గేటు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టేవాణ్ణి జనం తొక్కేసినట్టు.

10:25

పెద్దాయనకు చెప్పాను. కెమెరా ఆపమని ఆజ్ఞ వెళ్లింది. చేరడానికి నలభై అయిదు నిమిషాలు. అంటే పదకొండు దాటాక పది నిమిషాలు ఆలస్యం.

నీకు ఎప్పటినుంచి తెలుసని అడిగింది వదిన. మొన్నటినుంచి అనుమానం అన్నాను.

11:47

మొదటి ఫోటో వచ్చింది. అలాంటిది ఎవరూ చూసి ఉండరు. రెండోది సగమే వచ్చింది. మిగతాదంతా తెల్లటి చుక్కలు.

మార్చి 13

కెమెరాను లేవమని వదిన నాలుగోసారి ఆజ్ఞ పంపింది. జవాబుకు గంటన్నర. పక్కన కూర్చుందామని వెళ్లాను. ఆ కుర్చీ మీద తన సంచీ పెట్టింది.