బీరువాలో మైక్రోస్కోపులు

ఏలూరు, 1957 డిసెంబరు, బుధవారం

అమెరికా యూనివర్సిటీతో ఒప్పందం మీద మా కాలేజీకి వచ్చిన ఆరు మైక్రోస్కోపుల్నీ నిరుడు కుంకుమ బొట్టు పెట్టి బీరువాలో దాచాను. పిల్లలు పాడుచేస్తారని భయం. ఇవాళ ఆ యూనివర్సిటీ ప్రొఫెసరుగారు వస్తున్నారని పొద్దున్నే తుడిపించి బల్లల మీద పెట్టించాను. ఆయన రాగానే, వీటిని రోజూ వాడుతున్నామని చెప్పాను.

ఆయన కొల్లేటి నీటిచుక్క ఒకటి స్లైడు మీద వేసి, బీయస్సీ చదివే సత్యవతిని చూడమన్నారు. ఆ పిల్ల ఎంతసేపటికీ తలెత్తలేదు. చివరికి నావైపు తిరిగి, "ఇన్నాళ్లూ ఇవి ఎక్కడున్నాయండీ, మాస్టారూ?" అంది.

ఏమంటోందని ఆయన అడిగారు. చాలా బాగుందంటోందని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన సంతోషించి ఇంకో ఆరు పంపిస్తామన్నారు. నేను థాంక్స్ కూడా చెప్పాను.

సాయంత్రం సిగ్గుపడుతూనే అన్నిటినీ మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేశాను. క్లాసులో అందరికంటే సత్యవతికే ఇంగ్లీషు బాగా వచ్చు.