ఎడమ చేయి ఒళ్ళో పెట్టుకొని

వదినా,

ఎలా ఉన్నావని అడిగే వీలే లేకుండా పోయింది. నువ్వు వెళ్ళి ఎనిమిది నెలలు. మన ఊళ్ళో, తళిలో, మొన్నటి నుంచి చలి మొదలైంది. అన్న తెల్లారి లేచి తనే పొయ్యి రాజేస్తున్నాడు. మంట కంటే పొగే ఎక్కువ. చూస్తుంటే నవ్వొస్తుంది, వెంటనే ఏడుపొస్తుంది...

నేను హోసూరులో గది ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాను. యూనివర్సిటీకి సెలవు పెట్టాను. ఎందుకో నీకు కాక ఇంకెవరికి చెప్పను?

మా విభాగం సంగతి నీకు ఒకసారి చెప్పాను, గుర్తుందా? ఆడవాళ్ళ బతుకు ఒక్క శాస్త్రంతో అర్థం కాదని, చరిత్ర, ఆర్థికం, సమాజం, ఆరోగ్యం అన్నీ కలిపి చదవాలని కొత్తగా తెరిచారు. నువ్వు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వావు. "మా గురించి చదివేదానికి యూనివర్సిటీనా అమ్మణ్ణీ? కాలం చెడిపాయె పో!"

పరిశోధన కోసం తళి, అంచెట్టి పల్లెల్లో ఇంటింటికీ తిరిగాను. ఒక్కో ఆడమనిషికి రెండు కాగితాలు. తెల్లది పని గురించి, అది నాది. గులాబీది ఆరోగ్యం గురించి. దాన్ని నాతో చదివే ఇంకో అమ్మాయి తర్వాత వచ్చి నింపాలి. అన్నీ కలిపి చదవాలన్నవాళ్ళమే, కాగితాలు మాత్రం పంచుకున్నాం. చూశావా మా తెలివి!

నిన్నూ అడిగాను. పరాయిదానిలా ఎదురుగా కూర్చొని, నువ్వు చేసే పని ఏమిటని. నువ్వు అనపకాయలు ఒలుస్తున్నావు. "నాకేం పని అమ్మణ్ణీ, సుమ్నే ఇంట్లో ఉండాను" అన్నావు.

సుమ్నే... ఊరికే ఉన్నావట! అప్పటికే నాలుగు ఆవుల పాలు పిండావు, పేడ ఎత్తావు, రాగి ముద్ద కెలికావు, ఉర్లగడ్డ తోటకు నీళ్ళు కట్టి వచ్చావు.

ఇల్లిల్లూ తిరిగితే అందరిదీ అదే మాట. తమిళం వాళ్ళు సుమ్మా అన్నారు, మనవాళ్ళు సుమ్నే అన్నారు. ఆ మాట మీద ఒక అధ్యాయమే రాశాను. మా ప్రొఫెసరమ్మ దాన్ని సభలో చదివించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను వదినా.

నీ పని గురించి అడిగిన ఆ రోజే నువ్వు ఆ మాట ఇంకోసారి అన్నావు. కాయను బండ మీద నొక్కిపెట్టి కుడి చేత్తోనే ఒలుస్తున్నావు. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది. ఎందుకట్లా అని అడిగాను. "సుమ్నే" అన్నావు.

నేనేం చేశానో తెలుసా? నోటుబుక్కులో రాసుకున్నాను. 'ఎడమ చేయి ఒళ్ళో పెట్టుకొని, కుడి చేత్తో ఒలుస్తోంది.' అంతే! మళ్ళీ అడగలేదు. అంచెట్టి బస్సుకు టైమైంది. "బస్సు పోతే మళ్ళా యాడ దొరుకుతుంది, తిని పో" అని నువ్వే తొందరపెట్టావు. పళ్ళెం ఒంటిచేత్తో తెచ్చావు. అదీ చూశాను.

గులాబీ కాగితం అమ్మాయికి జ్వరమొచ్చి ఆ నెల రాలేదు. తర్వాతి నెలా రాలేదు.

ఎడమ రొమ్ములో పుట్టిన గడ్డ చంక దాకా పాకిందని నువ్వు అన్నకు చెప్పేసరికి ఆ రోజు తర్వాత ఏడు నెలలు గడిచాయి. కృష్ణగిరిలో డాక్టరమ్మ చూసి, ఇన్నాళ్ళూ ఇంట్లో ఒక్కరూ గమనించలేదా అని అడిగింది.

నేను గమనించాను వదినా. రాసి కూడా పెట్టుకున్నాను. ఆ వాక్యం పక్కన ప్రొఫెసరమ్మ ఎర్ర సిరాతో 'చక్కని పరిశీలన' అని రాశారు.

అరవై రెండులో నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. అప్పటి నుంచి నాకు జడ వేసిన చెయ్యి అది. అది ఎందుకు లేవడం లేదో నాకు తట్టలేదా? ఇంత చదువు చదివి ఏం నేర్చుకున్నాను? నా మొహం!

నీ సంగతి తెలిసి ప్రొఫెసరమ్మ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా, నా పరిశోధనలో ఇది కూడా చేర్చమన్నారు. పనీ జబ్బూ ఎలా ముడిపడి ఉంటాయో అందరికీ తెలుస్తుందన్నారు. ఆమె చెడ్డమనిషి కాదు. చెప్పింది నిజమే. అందుకే ఒళ్ళు మండింది. నీ చావుతో నా చదువు పూర్తవుతుందా...

నెల రోజులు ఆ పరిశోధన టైపు కాగితాలు ముట్టలేదు. మొన్న కాల్చేద్దామని పొయ్యి దాకా తీసుకెళ్ళాను. అన్న లాక్కున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు కదా, ఇందులో నీ పేరు ఎక్కడుందో చూపించమన్నాడు.

లేదు వదినా. పేర్లు రాయకూడదని మా నియమం. అందులో నువ్వొక నంబరువి. అన్నకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఏదో ఒక వరుస మీద వేలు పెట్టాను. అన్న దాని మీద చెయ్యి ఉంచి చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. నిన్ను పోగొట్టుకున్న మనిషికి అబద్ధం చెప్పాను.

దాన్ని నిజం చెయ్యాలి. సోమవారం హోసూరు వెళ్తాను. టైపు చేసే ఆయన దగ్గర కూర్చొని ఆ వరుసలో గౌరమ్మ అని కొట్టిస్తాను. చూసి కూడా మళ్ళీ అడగని మనిషి ఎవరో, ఆ పేరు కూడా కొట్టిస్తాను. నియమం ఒప్పుకోకపోతే పట్టా వాళ్ళ దగ్గరే ఉంచుకోనీ.

క్షమించమని మాత్రం అడగను. అడిగితే నువ్వు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా క్షమిస్తావు.

నీ ఆడబిడ్డ,
శాంత