వెనక్కి పెట్టిన కారు

చేవెళ్ల

మంజుల వదినకు నమస్కారాలు.

ఫోన్‌లో చెప్పబోతే మీరు నవ్వి మాట మారుస్తారు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు మొయినాబాద్ కంటి దవాఖాన ముందు కారు ఆపుతుంటే, ముందు బంపర్ కింది నల్లపట్టీ సిమెంటు గట్టుకు గీసుకుని ఊడి వేలాడింది. ఆపరేషన్ అయిన కంటితో అత్తమ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇంటికొచ్చి మీ తమ్ముడితో, ఇక కారు ముట్టనన్నాను. ఆయన దుకాణం వదిలి రాలేరు. డాక్టర్ దుమ్ము తగలొద్దన్న కంటితో అత్తమ్మ ఆటోలో వెళ్లాల్సిందే అనుకున్నాం.

అది విని మీరు ఆలూరు నుంచి వచ్చేశారు. నన్ను మళ్లీ ఆ గట్టు దగ్గరికే తీసుకెళ్లారు.

"పట్టీ ఊడితే బిగిస్తరు, గంతే. ఈ కారు ముంగట కిందికున్నది, ఎనక ఎత్తున్నది. ఎనక్కి పెట్టు, ఫికర్ చేయకు. నేను నేర్చుకున్నప్పుడు మా గేటే కూలగొట్టిన" అన్నారు.

ఎండలో నిలబడి, నాకు కుదిరేదాకా "ఇంక రా, ఇంక జర రా" అంటూనే ఉన్నారు. ఒక్కసారీ విసుక్కోలేదు.

నిన్న అత్తమ్మను నేనే కార్లో తీసుకెళ్లాను, చివరి కంటి పరీక్ష అయింది. చూపు బాగుందట. తిరుగుదారిలో అత్తమ్మ మాట్లాడకపోతే భయమేసి పక్కకు చూశాను. హాయిగా నిద్రపోతున్నారు. ఇల్లు చేరాక లేచి, "నువ్వు నడిపితే మంచిగ కునుకు వడ్తది బిడ్డా" అన్నారు.

ఆ మాట మీకు చేరాలి వదినా.

మీ మరదలు