అత్త బోర్లించిన బకెట్టు

కౌలాలంపూర్, 1934, బుధవారం రాత్రి

విమానం నడపడం నేర్చుకోవడానికి వచ్చే దొరలకు నేల మీద పాఠాలు చెప్పే మాస్టారు పని పరీక్షకు రేపే దరఖాస్తు ఇవ్వాలి. ఇంజనో, వాతావరణమో ఒక్కటే ఎంచుకోవాలి. పదేళ్లుగా విమానాల క్లబ్బులో ఇంజన్ల మసిలోనే ఉన్నాను. వాతావరణం మాస్టారికైతే చొక్కా తెల్లగా ఉంటుందని దాని మీద మనసు పడింది.

ఈరోజు తెల్లవారకముందే, తోటలో రబ్బరు చెట్లు గీసే మా అత్త పాల బకెట్టు బోర్లించి గుమ్మంలో కూర్చుంది.

"వానొస్తాది బాబూ. ఈయేళ చెట్లు గియ్యను."

"వాతావరణం పుస్తకం ప్రకారం రాదత్తా," అన్నాను.

ఆ ధీమాతోనే నలుగురు దొరలను మైదానం మధ్యలో నిలబెట్టి, అభ్యాసానికని మబ్బుల పాఠం మొదలుపెట్టాను. ఐదు నిమిషాల్లో అందరం విమానం రెక్క కింద నక్కాం. జేబులోని దరఖాస్తు తడిసి ముద్దయింది.

సాయంత్రం దాన్ని పెరట్లో తీగ మీద ఆరేస్తే అత్త చూసింది.

"ఏటది?"

"మాస్టారు పని కాగితం అత్తా."

"అయితే లోనికి తీసీ. మళ్లీ వానొస్తాది."

ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా పరుగెత్తి కాగితం తెచ్చి, ఇంజను దగ్గర టిక్కు పెట్టాను.