ఇంటివారి సంతకం

వసంత్ కుంజ్, 12-8-96

నాన్నగారికి నమస్కారాలు. గది కుదిరింది, దిగులు పడకండి.

వరూధిని ఆంటీ తాము అద్దెకుంటున్న ఇంట్లోనే ఒక గది నాకిచ్చారు. నిన్న ఇంటి ఓనరు మల్హోత్రా గారు వస్తే, మీరు చెప్పమన్నట్టే ఆంటీకి మేనకోడల్నన్నాను. ఆయన నవ్వారు. "అచ్ఛా! మరి నేను సంతకం పెట్టిన కాయితంలో కిరాయిదారని ఉందే, బేటీ?" సిగ్గుతో చచ్చిపోయాను.

నేను దిగకముందే ఆంటీ ఆయన చేత అనుమతి రాయించుకున్నారట. "ఓనరు రాతలో ఒప్పుకోకుండా మేం గది ఇస్తే మమ్మల్నే ఖాళీ చేయించొచ్చు. అయినా, ఎవరొచ్చినా నువ్వు తలుపు చాటుకు పోవడం నాకిష్టం లేదమ్మా" అన్నారు. అంత నిబ్బరం గల మనిషిని నేనింతవరకు చూడలేదు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? కందిపొడి పంపండి, ఆంటీకి కూడా. మన వీధివైపు గది టైపు మాస్టారికి అద్దెకిచ్చారు కదా, ఇంటివారికి చెప్పారా? చెప్పకపోతే ఇవాళే చెప్పి కాయితం రాయించుకోండి.

మన ఉత్తరాలన్నీ ముందు కింది వాటాలో ఇంటివారే అందుకుంటారని తెలిసే, కవరు మానేసి కార్డు మీద రాశాను. భీమేశ్వరరావు బాబాయిగారూ, మీకూ నా నమస్కారాలు.

మీ సునంద